మూడు అడవులకు ఒకే నెల

అనగనగా నది ఒడ్డున ఒక ఎర్రమట్టి అడవి. ఆ అడవిలో నాంచారి అనే ముళ్ళపంది ఉండేది.

పిల్లలూ, నాంచారి చెడ్డది కాదు. కానీ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేది కాదు. కుందేలు వచ్చి, "బాగున్నావా వదినా?" అంటే, "ఇవాళ ఇంత ప్రేమగా పలకరించిందేమిటి? నా దుంపల మీద కన్ను పడిందా?" అనుకునేది. నెమలి పలకరించకుండా వెళ్ళిపోతే, "నా వెనకాల ఏదో అనే ఉంటుంది. అందుకే మొహం చాటేసింది" అనుకునేది. అనుమానం రాగానే వీపు మీద ముళ్ళు గలగలమనేవి. ఆ చప్పుడు వింటే ఎదుటివాళ్ళు వెనక్కి తగ్గేవాళ్ళు.

నదికి అవతల మూడు అడవులున్నాయి. ముందు వెదురడవి. దాని పక్కన ఇప్పల అడవి. ఆ పైన కొండ అడవి. మూడింటికీ ముగ్గురు రాజులు. అయినా ముగ్గురూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. బయటి నుంచి వచ్చినవాళ్ళు నది రేవులో ఒక్కసారి అనుమతి తీసుకుంటే చాలు. మూడు అడవుల్లోనూ తిరగొచ్చు. మధ్యలో ఎవరూ ఆపరు.

నాంచారి చెల్లెలు మంగ కొండ అడవిలో కాపురం ఉంటోంది. నిండు చూలాలు. తొలి కాన్పు. "అక్కా, ఆ వేళకు నువ్వు నా పక్కన ఉండాలి" అని చిలకతో కబురు పంపింది. మంగ తల్లి లేని పిల్ల. నాంచారే పెంచి పెద్ద చేసింది. కబురు అందగానే ఇల్లు వదిలి బయలుదేరింది.

రేవు దగ్గర ఒక కొండముచ్చు కాపలా ఉంది.

"ఎక్కడికమ్మా?" అని అడిగింది కొండముచ్చు.

"కొండ అడవికి."

"ఎవరింటికి?"

నాంచారి ముళ్ళు కొంచెం కదిలాయి. "మా చెల్లెలింటికి."

"ఏం పని మీద?"

ఇంటి ఆడపిల్ల కాన్పు సంగతి ముక్కూ మొహం తెలియని కొండముచ్చుకు చెప్పడమేమిటి అనుకుంది నాంచారి. "ఊరికే, చూసి పోదామని" అంది.

"ఎప్పుడు తిరిగి వస్తావు?"

"ఇన్ని ప్రశ్నలెందుకు? నేనేమైనా దొంగలా కనిపిస్తున్నానా?"

కొండముచ్చు కోప్పడలేదు. ఒక ఈతనార తీసి నాంచారి కాలికి కట్టింది. "ఇదే నీ అనుమతి. జాగ్రత్తగా విను. ఏడాదిలో ఒక నెల అవతల ఉండొచ్చు. అడవికో నెల కాదు. మూడూ కలిపి ఒక్క నెల. అవతలి ఒడ్డున కాలు పెట్టిన రోజు నుంచే లెక్క మొదలు. ఒకచోటే ఉంటావో, మూడు చోట్లా తిరుగుతావో నీ ఇష్టం. మధ్యలో మీ అడవికి వెళ్ళి మళ్ళీ వచ్చినా కొత్త నెల రాదు. మిగిలిన రోజులే వాడుకోవాలి. ఇంకేమైనా అడుగుతావా?"

"అడగడానికేముంది" అని నాంచారి నది దాటింది.

గట్టు మీద చెట్టుకు వడ్రంగిపిట్ట ఒకటి టకటకా కొట్టింది. దూరంగా ఇంకో వడ్రంగిపిట్ట బదులు పలికింది. ఆ పైన ఇంకొకటి. "నా గురించే చెప్పుకుంటున్నాయి" అనుకుంది నాంచారి. అది నిజమే. ఎవరు ఎప్పుడు వచ్చారో ఆ పిట్టలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. కానీ నాంచారి అంతటితో ఆగలేదు. "మూడు అడవులున్నప్పుడు మూడు నెలలుండాలి కదా. ఒకటి ఇచ్చి రెండు దాచేసుకున్నారు. కొత్తదాన్నని చూసి మోసం చేశారు" అనుకుంది.

వెదురడవిలో ఒక ముంగిస ఎదురైంది. "అక్కా, దూరం నుంచా? మొహం అలా వాడిపోయిందేం?" అంది.

"నీకెందుకు?" అంది నాంచారి. అన్నది కానీ, కడుపులో ఉన్న కోపం ఆగలేదు. కొండముచ్చు చెప్పిందంతా చెప్పేసింది.

ముంగిస పకపకా నవ్వింది. "కొత్తవాళ్ళకు అలాగే చెప్తారక్కా. అడవి మారితే నెల మారుతుంది. ఇక్కడొక నెల, ఇప్పల అడవిలో ఒక నెల, కొండ అడవిలో ఇంకో నెల. ఈ సంగతి అందరికీ తెలుసు."

నాంచారి కళ్ళు చిన్నవి చేసి చూసింది. "ఇది నాకు చెప్తే నీకేం లాభం?"

"ఏముందక్కా! నువ్వు మట్టి తవ్వితే పురుగులు బయటపడతాయి. అవి నేను తింటాను. అంతే."

"నిజంగా అంతేనా?"

"ఒట్టు."

చూశారా పిల్లలూ? నాంచారి కొండముచ్చును అనుమానించింది. ముంగిసనూ అనుమానించింది. తను అనుకున్న మాట తప్పేమోనని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ముంగిస చెప్పింది తను అనుకున్నదే కాబట్టి, అది నిజమైపోయింది.

అప్పటినుంచి నాంచారికి తొందర లేదు. కాన్పుకు ఇంకా సమయముంది. వెదురడవిలో తియ్యటి దుంపలు తవ్వుకుంటూ ఉండిపోయింది. తర్వాత ఇప్పల అడవికి వెళ్ళింది. బాలింతకు ఇప్పపువ్వు బలమని, పువ్వు రాలేదాకా చెట్ల కింద కాచుకుని కూర్చుంది. చెల్లెలి కోసం ఒక్కొక్క పువ్వూ ఏరి ఎండబెట్టింది.

అక్కడ ఒక ముసలి తాబేలు దాని కాలి నార చూసింది. "అమ్మాయీ, నార బాగా ఎండిపోయిందే. వచ్చి చాలా రోజులైనట్టుంది. గడువు ఎంతుందో ఓసారి కావలివాళ్ళను అడుగు."

"ఇప్పపువ్వంతా నీకే మిగలాలని నన్ను పంపించేద్దామనుకుంటున్నావు కదూ?" అంది నాంచారి.

తాబేలు తల లోపలికి తీసుకుంది.

నాంచారి కొండ అడవి చేరేసరికి మంగ గుహ ముందు ఎదురుచూస్తోంది. అక్కను చూసి ఏడ్చేసింది. "ఇంత ఆలస్యమా అక్కా! భయమేసింది. ఇంక నన్ను వదిలి వెళ్ళవు కదా?"

"పిచ్చిపిల్లా, ఈ అడవిలో నాకు నెలంతా ఉంది" అంది నాంచారి.

కొద్ది రోజులకే ఆ అడవి కావలి మనుబోతు వచ్చింది. పెద్ద ఒళ్ళు, పొట్టి కొమ్ములు, మెత్తటి గొంతు. "నాంచారమ్మా, రేపటితో నీ నెల అయిపోతుంది. రేపు పొద్దుగుంకేలోపు నది దాటాలి."

నాంచారి ముళ్ళన్నీ లేచాయి. "అదేమిటి! నేను ఈ అడవికి వచ్చి ఎన్నాళ్ళని?"

"ఈ అడవికి కాదమ్మా. వెదురడవిలో ఉన్న రోజులు, ఇప్పల అడవిలో ఉన్న రోజులు, ఇక్కడివి, అన్నీ కలిపి. రేవులో చెప్పలేదా?"

చెప్పారు. నాంచారి కాలి నార వైపు చూసుకుంది.

"మా అక్కను ఉండనివ్వండి. నాకు ఇవాళో రేపో అన్నట్టుంది" అని మంగ బతిమాలింది.

మనుబోతు జాలిగా చూసింది. "కాన్పుకు వచ్చినవాళ్ళకు గడువు ఎక్కువ ఇస్తాం తల్లీ. అందుకే రేవులో ఏం పని మీద అని అడుగుతాం. మీ అక్క చూసి పోదామని అంటే, ఆ గడువే ఇచ్చారు. ఇప్పుడు మార్చే అధికారం నాకు లేదు." అలా చెప్పి వెళ్ళిపోయింది.

అది అటు వెళ్ళగానే, పురుగుల కోసం నాంచారి వెంటే వచ్చిన ముంగిస పొదలోంచి తల బయటపెట్టింది. "అక్కా, బెంగపడకు. నార తెంపేసి గుహలో దాక్కో. కాన్పు అయ్యాక నేను దారి చూపిస్తాను."

నాంచారి చెల్లెలి వైపు చూసింది. మంగ కళ్ళు, ఉండిపో అక్కా అంటున్నాయి. దాక్కోవడం కష్టం కాదు. ముళ్ళపందికి మట్టి తవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఈసారి నాంచారి నిదానంగా అడిగింది.

"నేను దొరికిపోతే మంగకేమవుతుంది?"

ముంగిస చూపు తిప్పుకుంది. "అది... నాకు తెలీదక్కా."

"అడవికో నెల అని నీకెవరు చెప్పారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"నువ్వు రేవులో అనుమతి తీసుకున్నప్పుడు నీకేం చెప్పారు?"

ముంగిస గొంతు తగ్గిపోయింది. "నేనెప్పుడూ రేవు మీదుగా రాలేదక్కా. గట్టు కింద కన్నం ఉంది. అందులోంచి వస్తాను."

ఈ మాటలు మొదటి రోజే అడిగి ఉంటే! నాంచారి ఇప్పపువ్వు మూట చెల్లెలి ముందు పెట్టింది. తల నిమిరింది. "నేను దాక్కుంటే నీ ఇంటికే ముప్పు తెస్తాను మంగా. పొరుగింటి అడవిపందమ్మకు నీ సంగతి చెప్పి వెళ్తాను. ధైర్యంగా ఉండు" అంది. మర్నాడు ఎండ ఉండగానే నది దాటి రేవుకు చేరుకుంది. ముళ్ళు కదలకుండా కొండముచ్చు ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"గడువు దాటి దాక్కుని ఉంటే, నీకు మళ్ళీ అవతలి నేల మీద అడుగు పెట్టే వీలే ఉండేది కాదు. నీకు చోటిచ్చినందుకు మీ చెల్లెల్నీ నిలదీసేవాళ్ళు. చెప్పిన వేళకు వచ్చావు. ఒకసారి ఇచ్చిన గడువు ఇప్పుడు నేనూ మార్చలేను. ఏడాది తిరగగానే రా. అప్పుడు ఎందుకొచ్చావో ముందే చెప్పు" అంది కొండముచ్చు, కాలి నార విప్పుతూ.

ఆ వారంలోనే మంగ ఒక ఆడపిల్లను కన్నది. అడవిపందమ్మే పురుడు పోసింది. ఆ కబురు చిలక తెచ్చేసరికి నాంచారి ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉంది. ఆ పూట దుంప ముట్టలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు మంగ పిల్లను నడిపించుకుంటూ నది ఒడ్డుకు వచ్చింది. నాంచారి ఇవతలి ఒడ్డుకు పరుగెత్తింది. మధ్యలో నది ఎర్రగా, నిండుగా పారుతోంది. పసిదాన్ని దాటించే వీలు లేదు. తను వెళ్ళే వీలూ లేదు. పిల్ల అవతలి నుంచి నాంచారిని చూసి తల్లి వెనక దాక్కుంది.

"ఎవరమ్మా ఆవిడ? ఎందుకలా చూస్తోంది? ఎందుకు ఏడుస్తోంది?"

మంగ దాన్ని గదమాయించబోయింది.

"వద్దు మంగా, అడగనీ!" అని ఇవతలి నుంచి కేకేసింది నాంచారి. "ఎన్నైనా అడగనీ!" ఒడ్డున తడిమట్టిలో కూర్చుని, నీళ్ళ హోరును మించి గొంతెత్తి, పిల్ల అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది.

నీతి: అనుమానం వస్తే తెలిసినవాళ్ళను అడిగి తీర్చుకోవాలి, మనకు నచ్చినట్టు చెప్పారు కదా అని ఆ మాట నిజమని నమ్మకూడదు.