ఒడ్డున ఉన్నోళ్ళకే వాటా

మా కూర్మయ్య గురువుగారిని ఏదైనా అడిగితే ముందు జవాబు రాదు, మజ్జిగ వస్తుంది. అది తాగేలోపు సగంమంది అడిగింది మరిచిపోతారు. నీలకంఠం మాత్రం మరిచిపోలేదు. సర్కారు ఖర్చుల పద్దులు వేసే ఆఫీసులో ఉద్యోగం అతనిది. ఆ సాయంత్రం మనిషి పూర్తిగా వడిలిపోయి వచ్చాడు.

"గురువుగారూ, ముసలివాళ్ళు ఏటా పెరుగుతున్నారు, పిల్లలు తగ్గుతున్నారు. పింఛన్లకిస్తే బడులకు చాలదు, బడులకిస్తే పింఛన్లకు చాలదు. ఎవరి నోరు కొట్టమంటారు?"

గురువుగారు మోకాళ్ళు రాసుకుంటూ, తాను కొన్నాళ్ళున్న ఒక సముద్రపుటూరి సంగతి ఎత్తుకున్నారు.

ఆ ఊళ్ళో పెద్దవలను అందరూ కలిసి ఒడ్డుకు లాగుతారు. పడిన చేపను కుప్పలు పోస్తారు. సూరాడ లచ్చయ్య అనే ముసలాయన కుప్పలకు వీపు పెట్టి కూర్చుంటాడు. వెనక ఒకడు కుప్పను ముట్టుకుని "ఇదెవలిది?" అంటాడు, లచ్చయ్య చూడకుండా పేరు చెబుతాడు. ఇక వంతుకు వంకలుండవు. లాగినవాళ్ళకు కుప్పలు, లాగి లాగి నడుం పోయిన ముసలివాళ్ళకు కుప్పలు, బడికొక కుప్ప. ఆ బడి కుప్ప అమ్మి పంతులమ్మ పైడమ్మకు జీతమిచ్చేవారు.

కాలం గడిచింది. లాగే చేతులు తగ్గాయి, కూర్చున్న నడుములు పెరిగాయి. కుప్పలు దోసెడు దోసెడయ్యాయి. లాగేవాళ్ళు విసిగిపోయి ఒక కట్టుబాటు చేశారు: ఒడ్డున ఉన్నోళ్ళకే వాటా. వినడానికి ఎంత న్యాయం! తెల్లారేసరికి ముసలివాళ్ళంతా కర్రలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. బడి లేచి ఒడ్డుకెలా వస్తుంది? దాని కుప్ప పోయింది. నెల తిరిగేసరికి పైడమ్మ పెట్టె సర్దుకుంది.

మర్నాడు పిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి ముసలివాళ్ళ వరస చివర కూర్చున్నారు.

"ఏటే గుంటా, బడి లేదేటి?" అన్నాడు వల లాగేవాడొకడు ముందున్న పిల్లతో.

"ఒడ్డున ఉన్నోలకే వాటా అన్నారు గదా. బడి ఒగ్గీసి వచ్చినాం."

ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. పాపం, లేచి పోలేరు. లేస్తే ఆ పూట పొయ్యి వెలగదు. కుప్పలన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది. అది లచ్చయ్యదని అందరికీ తెలుసు.

"ఇదెవలిది?"

లచ్చయ్య వెనక్కి తిరగలేదు. "బడిది," అన్నాడు.

నీలకంఠం కళ్ళు మెరిశాయి. "అది చూసి మిగతావాళ్ళూ తలా కాస్త ఇచ్చి ఉంటారు!"

"లేదు నాయనా. వాళ్ళకే చాలదు, ఏమిస్తారు? లచ్చయ్య రోజూ అలాగే అన్నాడు. పైడమ్మ పెట్టె విప్పింది. పిల్లలు బడికి పోయారు. వానలు పడేనాటికి లచ్చయ్య మంచం పట్టి, మరి లేవలేదు."

"అయ్యో! మరి ఆ తరవాత పేర్లెవరు చెప్పారు?"

గురువుగారు అలసటగా గోడకు చేరగిలబడ్డారు.

"ఆ చోట కూర్చోడానికి ఎవరూ రాలేదు. ఎవరు కూర్చున్నా తన కుప్ప బడిదనాలి, ఆకలి తప్పదు మరి. పొద్దుపోయింది, ఇంటికెళ్ళు నాయనా. రేపు నీకు ఆఫీసుంది గదా."