తెర అడుగున అక్షరాలు

“అర్థం కానివాళ్ళకి అర్థమయ్యేటట్టు చెప్పడం కూడా తప్పేనా మాస్టారూ?” అని మందాకిని అడిగింది.

అడిగిన చోటు చీరాలలో ఒక పఠన మందిరం మేడ. ఆ ప్రశ్న ఎదురైంది దివాకరం గారికి. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి, రిటైరయ్యాక ఈ ఊరికి లోకంలోని సినిమాలన్నీ చూపించి తీరాలని కంకణం కట్టుకున్న మనిషి ఆయన. నెలకొక ఆదివారం సాయంత్రం ఆ మేడమీద తెల్లగుడ్డ కట్టి, ఏ దేశానిదో ఒక సినిమా వేస్తారు. వచ్చేది పాతికమంది. వాళ్ళలో సగంమందికి తెర అడుగున పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందవు. అందుకని మందాకిని మైకు పట్టుకుని గోడవారన కూర్చుని, ఆ అక్షరాలను అప్పటికప్పుడు తెలుగు చేసి చెబుతుంది. ఆవిడ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. చిన్నప్పుడు మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకోబోయింది. బొమ్మలైతే రాలేదు గాని, శిష్యరికం మాత్రం వదిలిపెట్టలేదు.

చెప్పడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ఇబ్బందల్లా ఒక్కటే, అక్షరాలు ఆగినా ఆవిడ ఆగదు. తెరమీద మనిషి కిటికీలోంచి బయటికి చూస్తే, “ఇతనికి సొంతూరు గుర్తొస్తోందండీ” అంటుంది. వాన పడితే ఆ వాన ఎందుకు పడిందో విడమరిచి చెబుతుంది. పోయిన నెల సినిమాలో ఒక ముసలాయన ఊరికే గుమ్మంలో కూర్చుంటే, ఆయన కూర్చున్నంతసేపూ ఆయన మనసులో ఏముందో వినిపించింది. ఆట అయ్యాక మాస్టారు, “ఆ ముసలాయన్ని కాసేపు కూర్చోనివ్వకపోయావా అమ్మాయ్” అన్నారు. ఆ మాట ఆవిడకు నెలంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ ప్రశ్న అందులోంచి వచ్చిందే.

అడిగిన వెంటనే జవాబివ్వడం దివాకరం గారికి అలవాటు లేదు. వాదన అసలే గిట్టదు.

“ఈ ఆదివారం గ్రీసు సినిమా కదా. తెరమీద వాళ్ళు మాట్లాడినప్పుడు నువ్వూ మాట్లాడు. వాళ్ళు ఊరుకున్నచోట నువ్వూ ఊరుకో,” అన్నారు.

“నాలుగుసార్లు చూశాను మాస్టారూ. అందులో వాళ్ళు ఊరుకోవడమే ఎక్కువ. జనం లేచిపోతారు.”

“పోతే పోతారు. మెట్లు ఉన్నది దిగడానికి కూడానూ.”

ఆ సినిమాను ఏరికోరి తెప్పించింది మందాకినే. అందులో ఆవిడ స్వార్థం ఆవిడకుంది. ఆవిడ కూతురు తన్మయి పదోతరగతి పాసై ఇంట్లో ఉంది. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్ల, మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటోంది. ఏమడిగినా “ఏం లేదు” అంటుంది. సోమవారం కాలేజీలో చేర్చాలి. ఎంపీసీ అని మందాకిని ఎప్పుడో ఖాయం చేసింది. చుట్టాలెవరైనా “ఏ గ్రూపు తీసుకుంటున్నావే?” అని పిల్లను అడిగితే, పిల్ల పక్కనే ఉన్నా ఈవిడే “ఎంపీసీ, దానికి లెక్కలంటే ప్రాణం” అని చెప్పేసేది. తన్మయి అవుననలేదు, కాదనలేదు. ఉన్నమాట చెప్పాలంటే మందాకినికి భయంగా ఉంది. ఒక్కగానొక్క కూతురు కళ్ళెదుటే తనకు కాకుండా పోతోందని బెంగ. గ్రీసు సినిమాలో కూడా ఇలాంటి మూగనోము పిల్లే ఉంది. దాన్ని చూసైనా తల్లి పడే బాధేమిటో దీనికి తెలిసొస్తుందని ఆవిడ ఆశ పడింది.

ఆ సినిమా కథ ఇంతే. సముద్రం మధ్య ఒక చిన్న దీవి. చలికాలం, యాత్రికులు రాని రోజులు. తల్లీ, పదిహేనేళ్ళ కూతురూ ఒక ఖాళీ హోటలు కనిపెట్టుకుని ఉంటారు. ఎవరూ పడుకోని పక్కల మీద ఆ పిల్ల రోజూ దుప్పట్లు మారుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి రోజుకో గదిలో, రోజుకో కొత్త పేరు పెట్టుకుని, వచ్చిన అతిథిలాగా దర్జాగా కూర్చుంటుంది. భోజనాల బల్ల దగ్గర తల్లి మాట్లాడుతుంది, పిల్ల తింటుంది. చివర్లో ఒక దుప్పటి చంకన పెట్టుకుని సముద్రంలోకి నడుస్తుంది. ఏ అఘాయిత్యం చేస్తుందో అని మనం ఊపిరి బిగబడితే, ఆ దుప్పటిని ఉప్పునీళ్ళలో జాడించి తెచ్చి తీగమీద ఆరేస్తుంది. అక్కడికి సరి.

ఆదివారం తన్మయిని తీసుకొచ్చి మూడో వరుసలో కూర్చోబెట్టింది మందాకిని. ఆట మొదలైంది. మొదట్లో ఆవిడ గురువుగారి మాట బాగానే నిలబెట్టుకుంది. తెర నిశ్శబ్దమైతే హాల్లో ఫ్యాను చప్పుడు, ఎవరిదో దగ్గు తప్ప ఏమీ వినబడలేదు. భార్యాభర్తలు ఇద్దరు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. రిటైర్డు డిప్యూటీ తహసీల్దారు పాపారావు గారు గుర్రు అందుకున్నారు. కంప్యూటరు దగ్గర కూర్చుని ఆటను నడిపించే సెల్‌ఫోన్ షాపు మస్తాన్, “ఇంకా ఎన్ని దుప్పట్లున్నయ్యిరా నాయనా” అంటే అందరూ ఘొల్లుమన్నారు. తన్మయి మాత్రం నవ్వలేదు.

మందాకినికి ప్రాణం ఉసూరుమంది. ఇంత మంచి సినిమా నవ్వులపాలవుతుంటే చూస్తూ ఎట్లా ఊరుకోవడం? భోజనాల బల్ల ఘట్టం వచ్చింది. తల్లి మాటలన్నీ తెలుగులో చెప్పి, మాటలు ఆగినచోట ఆవిడ ఆగలేకపోయింది.

“ఈ పిల్లకు పొగరండీ. తల్లి ఇంతగా మాట్లాడుతుంటే మారుమాట చెప్పదు చూడండి. ప్రేమ లేక కాదు, ఆ వయసే అంత,” అంది మైకులో.

అంటూ మూడో వరుస వైపు చూద్దామనుకుంది. అంతలో తెర అడుగున మళ్ళీ అక్షరాలు వచ్చాయి. ఆవిడ చూపు అటే పరుగెత్తింది. వెనక బెంచీ మీదున్న మాస్టారు ఒకసారి తల తిప్పి చూశారు.

ఆట అయి లైట్లు వెలిగాక దివాకరం గారిది ఒక పద్ధతి ఉంది. ప్రతివాళ్ళూ తాము చూసింది ఒకటి చెప్పాలి. అనుకున్నది చెప్పకూడదు. డ్రాయింగు క్లాసులో కుండ గీసేముందు కుండను చూడమని పిల్లల్ని సతాయించిన రోజుల నుంచీ ఆయనది అదే చాదస్తం.

“బోరు,” అన్నారు పాపారావు గారు కళ్ళు నులుముకుంటూ.

“బోరు తెరమీద ఏ పక్కన కనబడిందండీ?” అన్నారు మాస్టారు.

పాపారావు గారు కాసేపు ఆలోచించారు. “సముద్రం చూశాను. మన వాడరేవు లాగే ఉంది గాని, ఒక్క పడవా లేదు,” అని ఒప్పుకున్నారు.

బీమా ఏజెంటు సుగుణమ్మ గారు, “ఆ తల్లి నారింజపండు ఒలిచి, పిల్లకు ఒక్క తొన కూడా పెట్టకుండా తనే తినేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది,” అన్నారు.

“ఒళ్ళు మండింది తీసెయ్యమ్మా. మిగతాది ఉండనీ,” అన్నారు మాస్టారు.

మస్తాన్ వంతు వచ్చింది. “ఇది తీసినాయన్ని నేనొకసారి కలవాలి సార్” అని మొదలుపెట్టాడు. మాస్టారు ఊఁ కొట్టలేదు. వాడు బుర్ర గోక్కుని, “ఖాళీ మంచాలు చూశా సార్. మా అక్క పెళ్ళయి పోయినాక మా ఇంట్లో ఒకటి అట్లానే ఉంది. దాని మీద ఎవరం పడుకోం,” అన్నాడు. ఎందుకన్నాడో వాడికే తెలిసినట్టు లేదు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

తన్మయి వంతు వచ్చింది. మందాకిని మైకు అందుకుంది.

“మా అమ్మాయికి మొహమాటం ఎక్కువండీ. తను ఏమంటుందంటే...”

దివాకరం గారు లేచి వచ్చి, మైకు మీద మీట నొక్కి ఆపేశారు. ఆవిడ వంక చూడలేదు. తిరిగి వెళ్ళి కూర్చున్నారు. తన్మయి తలవంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ ఉండిపోయింది. సుగుణమ్మ గారు “పోనీలెండి పాపం” అనబోతే మాస్టారు చెయ్యెత్తి వారించారు.

“భోజనం దగ్గర ఆ అమ్మాయి చాలాసార్లు నోరు తెరిచింది,” అంది తన్మయి, నేల చూపులు చూస్తూనే. “ఏదో చెప్పబోద్ది. అంతలోకి వాళ్ళమ్మ మాట్లాడేసిద్ది. మళ్ళీ నోరు మూసుకుని అన్నం తింటది.”

“అట్లాంటిదేం లేదే,” అంది మందాకిని. “నాలుగుసార్లు చూశాను. అసలా పిల్ల పెదవి కదిపితేగా?”

మాస్టారు కంప్యూటరు వైపు తిరిగారు. “మస్తాన్, ఆ భోజనాల దగ్గరిది ఇంకోసారి వెయ్యి. కింద అక్షరాలు తీసేసి వెయ్యి,” అన్నారు.

లైట్లు ఆరాయి. అలవాటు కొద్దీ మందాకిని చూపు తెర అడుగుకే పోయింది. అక్కడ ఏమీ లేదు. పోవడానికి ఇంకో చోటు లేక ఆ చూపు పైకి లేచింది, ఆ పిల్ల ముఖం మీద ఆగింది. ఆ ముఖాన్ని సరిగ్గా చూడడం ఆవిడకు అదే మొదలు. పిల్ల చెంచా కింద పెట్టింది. గడ్డం ఎత్తింది. పెదవులు విడివడ్డాయి, గొంతులోకి గాలి పీల్చుకుంది. తల్లి ఏదో అంది. పెదవులు మూతబడ్డాయి. కాసేపటికి మళ్ళీ విడివడ్డాయి. తల్లి నారింజతొక్క పక్కన పెడుతూ ఇంకేదో చెప్పి నవ్వింది. పిల్ల చెంచా తీసుకుంది.

నాలుగుసార్లు చూసి కూడా మందాకిని ఇది చూడలేదు. మాటలన్నీ తల్లివి. అందుకని అక్షరాలన్నీ తల్లివే. ఆ అక్షరాల వెంట పడి చదివిన మనిషికి తల్లి చెప్పింది తప్ప ఏం తెలుస్తుంది? మైకులో తను “పొగరు” అన్నమాట గుర్తొచ్చి ఆవిడకు చెవులు వేడెక్కాయి. చీకట్లో కళ్ళు తుడుచుకుంది. అది సినిమాలో పిల్లను చూసి వచ్చిన ఏడుపు మాత్రమే కాదని ఆవిడకు తెలుసు.

తల్లీకూతుళ్ళు నడిచే ఇంటికి బయలుదేరారు. మగ్గాల వీధి దాటేలోపల మందాకినికి వంద మాటలు నోటిదాకా వచ్చాయి. నువ్వెప్పుడు నోరు తెరిచావే, నేనెప్పుడు అడ్డం వచ్చానే, ఒక్కసారి గట్టిగా చెప్పి ఉండచ్చుగా, నీ మంచికే కదా. ఒక్కోదాన్నీ పళ్ళ బిగువున ఆపుకుంది. అలవాటు లేని పని కాబట్టి దవడలు నొప్పి పుట్టాయి. రైల్వేగేటు పడి ఉంది. గూడ్సు బండి తీరుబడిగా పోయింది. గేటు లేచాక జనమంతా కదిలినా తన్మయి కదల్లేదు.

“అమ్మా,” అంది.

మందాకిని ఏమిటని కూడా అడగలేదు. ఆగి, పిల్ల ముఖంలోకి చూస్తూ నిలబడింది. తన్మయి మొదట తడబడింది. తరవాత మెల్లగా అందుకుంది. మధ్యలో ఒకచోట మాట తెగి, చాలాసేపు ఊరుకుంది. ఆ సందులో దూర్చడానికి సరిపడా మాట ఒకటి తల్లి నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసింది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఇల్లు చేరాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూడా చెబుతూనే ఉంది. సోమవారం వాళ్ళు ఆ కాలేజీకి వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే మందాకిని మాస్టారింటికి పరుగెత్తింది. ఆయన వరండాలో కూర్చుని టీ వడకడుతున్నారు. ఆవిడ ముఖం చూసి ఇంకో గ్లాసు తీశారు.

“మాస్టారూ, నేనడిగినదానికి జవాబు దొరికింది,” అంది ఆయాసపడుతూ.

ఆయన రెండో గ్లాసులోకి టీ వంచారు.

“తన్మయి మాట్లాడింది మాస్టారూ. ఇన్నాళ్ళకి నోరు విప్పింది. దాని మనసులో ఎంత ఉందో నేను అనుకోనే లేదు. అసలు ఏం చెప్పిందంటే...”

దివాకరం గారు టీ గ్లాసు ఆవిడ చేతికిచ్చారు.

“అది ఆ పిల్ల వచ్చి చెబుతుందిలే,” అన్నారు.