మూడు చుక్కల పంచె

కొండ కింది ఆశ్రమంలో విరూపాక్షుడికి నడుము మీద పుండు లేచింది. లేచిందంటే మామూలుగానా? పంచె బొడ్లో దోపుకునే చోటే ఎర్రగా కమిలి, నీటిబొబ్బలు కట్టి, రసి కారుతోంది. కూర్చుంటే మంట, నుంచుంటే దురద.

మందు సంగతి తర్వాత, అతనికి ముందు ఇది చేసిన దొంగ కావాలి. ఆ దొంగెవరో కూడా అతనికి తెలిసిపోయింది. తిప్పన్న. గూడెం నుంచి కొత్తగా వచ్చి చేరినవాడు. పొద్దస్తమానం అడవిలో తిరుగుతాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మాట్లాడనివాణ్ణి నమ్మేదెలా చెప్పండి?

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. ఆశ్రమంలో పంచెలన్నీ ఒకే దండెం మీద ఆరేవి, ఎవరి చేతికి ఏది వస్తే అది కట్టుకునేవాళ్ళు. తిప్పన్న వచ్చాక విరూపాక్షుడికి ఆ పద్ధతి నచ్చలేదు. చాకలివాళ్ళు గుర్తు పెట్టినట్టు, నల్లజీడి రసంతో తన పంచెల కొసలకి మూడేసి చుక్కలు పెట్టుకున్నాడు. చేతికి అంటకుండా పుల్లతోనే పెట్టాడు లెండి, తెలిసినవాడు గదా. ఆరి నల్లబడ్డాక ఇక భయం లేదనుకున్నాడు.

"మీ పంచెకీ పెట్టనా స్వామీ?" అని గురువు సిద్ధలింగయ్యగారిని కూడా అడిగాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు నాయనా" అని ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

ఇప్పుడు ఆయన ముందే నుంచుని విరూపాక్షుడు తేల్చి చెప్పాడు. "వీడు నా పంచెలో దూలగొండి చల్లాడు స్వామీ. వీణ్ణి పంపిస్తారా, నన్ను వెళ్ళమంటారా?"

తిప్పన్న అక్కడే మందాకులు ఏరుతున్నాడు. చెయ్యి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళడానికి వాడికి ఇల్లు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"దూలగొండి తగిలితే దురద ఎప్పుడు మొదలవుతుంది?" అన్నారు గురువుగారు.

"తగిలిన వెంటనే."

"మరి నీకు?"

"పంచె కట్టుకున్న మర్నాడు." గొంతు కాస్త తగ్గింది.

"దాని నూగు గాలికి లేస్తుంది. పంచె దులిపిన చేతులకేం కాలేదా?"

విరూపాక్షుడు చేతులు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. "అయితే దూలగొండి కాదు. ఇంకేదో పూశాడు."

"ఏం పూశాడు?"

"వాణ్ణే అడగండి."

"నేనేం పూయలేదన్నా" అన్నాడు తిప్పన్న.

"అన్నా అనకు."

"మూడు చుక్కలున్నది ముట్టుకోవద్దని నువ్వే చెప్తివి. ఆ రోజు నుంచీ నీ పంచె పక్కన ఇంకోటి ఆరెయ్యాలన్నా నాకు భయమే."

"భయం నటించడం కూడా వచ్చు వీడికి."

గురువుగారు లేచి వచ్చి, బొడ్లో దోపిన పంచె కొసని పైకి లాగి, పుండు పక్కనే పరిచి పట్టుకున్నారు.

మూడు నల్లచుక్కలు. మూడు బొబ్బలు. అదే వరస, అంతే ఎడం.

విరూపాక్షుడు చూశాడు. మళ్ళీ చూశాడు. నల్లజీడి తగిలిన వెంటనే పొక్కదని, ఒక పూట నిద్రపోనిచ్చి మరీ పొక్కుతుందని కొత్తవాళ్ళకి పాఠం చెప్పింది తనే. ఆ పాఠం వింటూ ముందు వరసలో కూర్చున్నది తిప్పన్న.

"తిప్పన్నా, నీ పంచె ఒకటి తీసుకురా" అన్నారు గురువుగారు.

"నాదంటూ ఏముంది స్వామీ" అంటూ వాడు దండెం దగ్గరికి వెళ్ళి, చేతికందినది తెచ్చాడు.

గురువుగారు దాన్ని విరూపాక్షుడి భుజం మీద వేశారు.

"కట్టుకో. దీని మీద ఎవరి గుర్తూ లేదు."