చలిపెద్దమ్మ జరిగిపోయిన కొండ

ఒకప్పుడు తేనెటీగల ఇంటికి కాపలా లేదు. గుమ్మం ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. ఎందుకంటారా? కొండ నడుమ చలిపెద్దమ్మ కూర్చుని ఉండేది. ఆవిడ ఒక్క ఊపిరి వదిలితే పులి మీసాలు గడ్డకట్టి పుల్లల్లా విరిగేవి! ఇక మైనం తినే చిమ్మటలెంత? సగం దారిలోనే రెక్కలు కొయ్యబారి, దొర్లుకుంటూ కిందికి పోయేవి.

ఆ కొండమీది చెట్టుతొర్రలో జుంటి అనే తేనెటీగ ఉండేది. సామాన్యురాలా! అది మోసుకొచ్చిన తేనె బరువుకు చెట్టే ఒరిగిపోయేది.

ఒక ఏడు ఎండ కొండెక్కింది. "కాస్త జరుగు పెద్దమ్మా" అంది. చలిపెద్దమ్మ ఒక మెట్టు పైకి జరిగింది. మరుసటి ఏడు ఇంకో మెట్టు. ఆ మరుసటి ఏడు ఇంకోటి. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం బూడిదరంగు చిమ్మట ఒకటి గుమ్మంలో వాలింది.

"చెల్లీ, గుడ్లు పెట్టుకోవాలి. ఓ మూల చోటిస్తావా?"

జుంటి వాసన చూసింది. తేనెటీగలకు చుట్టరికమంతా వాసనలోనే ఉంటుంది మరి. ఆ చిమ్మట రాలిపడిన పాత తేనెపట్టులో పొర్లి వచ్చింది. గుప్పున మైనం వాసన!

"మనవాళ్లేనమ్మా! రా రా, అడగాలా ఏంటి?" అంది జుంటి.

వారం తిరిగేసరికి ఆ గుడ్లు పగిలి ఇల్లంతా పురుగులు. మైనం తింటూ, గదిగదికీ బూజులాంటి దారాలు అల్లేశాయి. ఒక గదిలో జుంటి చెల్లెలు ఉంది. రెక్కలొచ్చాయి, బయటికి దారి లేదు. లోపలినుంచి టకటకా కొడుతోంది.

జుంటి తాటిమొద్దంత పురుగును ఒంటికాలితో ఈడ్చి ఏడు కొండల అవతలికి విసిరేసింది! విసిరితే ఏం? దాని వెనక ఇంకో వంద.

"మీ మైనం తిని పెరిగాం పిన్నీ, మాదీ మీ వాసనే. సొంత పిల్లల్ని కుడతావా?" అంటూ అవి కిసుక్కున నవ్వాయి.

జుంటి కొండకొసకు దూసుకుపోయింది. అరచేయంత రాయిమీద చలిపెద్దమ్మ ముడుచుకుని కూర్చుంది.

"కిందికి రా పెద్దమ్మా! చెల్లెలు చచ్చిపోతుంది!"

"ఎలా రానే తల్లీ? ఎండ నా కొంగుమీదే కూర్చుంది. ఇంకొక్క మెట్టు తోసిందంటే నాకు ఆకాశమే గతి. నేనున్నానని ఆదమరిచారు. ఇక మీ ఇల్లు మీరే చూసుకోవాలి."

జుంటి తిరిగొచ్చేసరికి రాణీగ ఇల్లు వదలమని చెప్పేసింది. అందరూ లేస్తున్నారు.

"ఒక్క క్షణం ఆగండమ్మా!" జుంటి దారాలు కొరికింది, కొరికింది, చెల్లెల్ని బయటికి లాగింది. మిగతా గదులకు సమయం చాలలేదు.

కొత్త తొర్రలో జుంటి గుమ్మం వదల్లేదు. చెల్లెలు మొదటిసారి పుప్పొడి తెచ్చింది.

"ఆగు! ఎవరు నువ్వు?"

"నేనే అక్కా! నీ చెల్లెల్ని!"

"మనవాళ్లలాగే ఉన్నావు. అందుకే ఆగమన్నాను" అంటూ జుంటి దాన్ని మీసాలతో తల నుంచి కాళ్లదాకా తడిమింది.

అప్పటినుంచే తేనెటీగలు గుమ్మంలో కాపలా కూర్చుంటాయి. లోపలికొచ్చేది తోబుట్టువైనా సరే, ఆపి తడిమి చూస్తాయి. అయినా పురుగు పడిందా, అంత తేనెనూ గదుల్లోని పిల్లల్నీ వదిలేసి, ఇంకా చలి మిగిలిన చోటు వెతుక్కుంటూ లేచిపోతాయి.