పైడమ్మ కావడి

రండి తల్లీ, రండి నాయనా, జరిగి దగ్గరగా కూర్చోండి. వెనక గుసగుసలు చాలు. అమ్మవారిని ఒక్కసారి తలచుకోండి. ఇక వినండి.

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ మీద దీపాలమ్మ గుడి. మూడు తరాలుగా అక్కడ దీపం మలిగిన రోజు లేదు.

రోజూ ఏటి నుంచి ఒక కావడి మూడొందల మెట్లెక్కాలి. ఒక వైపు అభిషేకానికి పెద్ద కుండెడు నీళ్ళు, మరో వైపు దీపానికి చిన్న కుండెడు నూనె. చుక్క ఒలికినా ఆ కావడి అమ్మకు పనికిరాదు. అది ఆచారం.

ఆ కావడి మోసే వీరన్న ముసలితనాన కాలం చేశాడు. ఆయన కావడిబద్దా పుచ్చిపోయింది. గుడిలో నూనె మూడు రోజులకే మిగిలింది.

గుండన మంత్రి కొత్త వెదురు తెప్పించాడు. దాని పొడుగునా దారం పట్టి, దారాన్ని సగానికి మడిచి, సరిగ్గా నడుమ వెండి పట్టీ వేయించాడు. "మోసేవాడి భుజం ఈ పట్టీ కిందే ఉండాలి. ఇటు జరిగినా, అటు జరిగినా అమ్మకు అపచారం. తప్పినవాడికి ఊళ్ళో చోటు లేదు" అని చాటింపు వేయించాడు. రాజుగారూ సరేనన్నారు.

మొదటి రోజు వస్తాదు బసవడు వచ్చాడు. "ఇదొక బరువా!" అని మీసం దువ్వాడు. నీళ్ళ వైపు కుంగిపోతుంటే, నూనె వైపు బద్దను చేత్తో అదిమి పట్టాడు. నూరో మెట్టు మీద పట్టు జారింది. నీళ్ళు భళ్ళున ఒలికాయి.

రెండో రోజు కొమరయ్య వచ్చాడు. మహా తెలివైనవాడు! నూనె వైపు ఒక రాయి కట్టాడు. రెండు వైపులా సరిపోయాయి గానీ మోసే బరువు పెరిగింది. రెండొందలో మెట్టు మీద ఉట్టితాడు పుటుక్కున తెగింది.

"అమ్మకి రాళ్ళు నైవేద్యమా, కొమరయ్య మావా?" అని ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

మూడో రోజుకి దీపం చిన్నబోయింది. అప్పుడు వీరన్న కోడలు పైడమ్మ కొంగు బిగించింది.

"నువ్వా? మూడొందల మెట్లే!" అన్నాడు మంత్రి.

"మెట్లకి ఆడా మగా తెలీదు దొరా" అంది పైడమ్మ.

కావడి ఎత్తింది. నీళ్ళ కుండ కుంగింది. భుజాన్ని మెల్లగా నీళ్ళ వైపు జరిపింది. ఒక జానెడు, అంతే! కావడి త్రాసులా నిలిచింది. వంద మెట్లు. కాళ్ళు పీకాయి, ఆగలేదు. రెండొందలు. కళ్ళు తిరిగాయి, ఆగలేదు. మూడొందలు!

గుడి వాకిట మంత్రి అడ్డు నిలిచాడు. "పట్టీ తప్పావు! అపచారం!"

పైడమ్మ కావడి దించలేదు. "ఊరు వెళ్ళగొట్టండి దొరా, వెళ్తాను. ముందు దీపానికి నూనె పోయనివ్వండి."

గుడి దగ్గరే ఉన్న రాజుగారు ముందుకొచ్చారు. ఉత్తరీయం తీసి నడుముకు చుట్టుకున్నారు. "తీర్పు చెప్పేముందు ఒకసారి నన్ను ఎత్తనీ తల్లీ" అన్నారు.

పట్టీ కింద భుజం పెట్టారు. కావడి నీళ్ళ వైపు ఒరిగింది. పైడమ్మ చప్పున కుండ పట్టుకోకపోతే ఒలికేదే! జానెడు జరిగారు. చుక్క కదల్లేదు.

"గుండనా, నువ్వు వెదురును కొలిచావు. ఈ తల్లి బరువును కొలిచింది" అన్నారు రాజుగారు. వెండి పట్టీ ఊడదీయించి దీపస్తంభానికి చుట్టించారు. పైడమ్మే తన చేత్తో నూనె పోసింది. దీపం లేచి నిలబడింది.

పిల్లలూ, నేను చెప్పినవన్నీ మరిచినా ఈ ఒక్కటి మరవకండి. తీర్పు చెప్పేముందు రాజు కావడి కింద తన భుజం పెట్టాడు. రేపు మీ ఇంట ఇద్దరు పంతం పడితే మీరూ ఆ పనే చేయండి. సరైన నడుమ దారంతో దొరకదు, భుజం పెడితేనే దొరుకుతుంది.