నాంచారమ్మ కొంగు ముళ్ళు

అనగనగా, మగ్గం గుంటలు తవ్విందెవరో కూడా గుర్తులేనంత కాలం కిందట, ఏటి ఒడ్డున ఒక నేతపేట. ఆ పేటలో నాంచారమ్మ. ఆమెకు సొంత మగ్గం లేదు. ఇంటింటికీ వెళ్ళి, నేసి అయిపోయిన పడుగు చివరలకు కొత్త పడుగు పోగులు అతికేది.

పోగు చెడిందని ఆమె వెంటనే తెంపేది కాదు. ముందు చూసేది. గంజి పట్టగానే సర్దుకునే పోగును వదిలేసేది. అనుమానం ఉన్న పోగుకు ఎర్రదారం కట్టి మర్నాడు మళ్ళీ చూసేది. తెగేదాన్ని మాత్రం ఆ కాస్త మేరకే కత్తిరించి అతికేది.

ఒక ఏడు పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్ళ గర్భసంచి మూతిని దూదిపుల్లతో తుడిచి, ఆ తుడిచిందాన్ని భూతద్దాల కింద పెట్టి చూసింది. ఇద్దరికి కబురు పెట్టింది. అక్కడి కణాలు మారాయి, ఒకసారి వచ్చి మాట్లాడమంది. ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు. అక్క వీరమ్మ, చెల్లెలు నాంచారమ్మ.

వీరమ్మ నొప్పి లేదంది, నెత్తురు లేదంది, వెళ్ళే పని లేదంది. నాంచారమ్మ ఒక్కసారి రమ్మని అడిగి ఊరుకుంది.

నాంచారమ్మకు పెళ్ళై ఆరేళ్ళు. ఇంకా బిడ్డ లేదు. సంచి తీయించేసుకుంటే పీడా పోతుందని అత్త అంది. పసరు తాగమని పొరుగావిడ అంది. నీ ఇష్టమని మొగుడు అన్నాడు. ఏమీ తెలియకుండా ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆమె అనుకుంది. అడగాల్సినవి మరిచిపోకుండా కొంగుకు మూడు ముళ్ళు వేసుకుంది.

"మా వాడు వేసిన మూడూ చాల్లేదా, ఇంకో మూడా?" అంది అత్త.

"అవి వేసేటప్పుడు నన్నెవరూ అడగలేదత్తా. ఇవి నేను అడగడానికి."

డాక్టరమ్మ ముందు మొదటి ముడి పట్టుకుంది. "ఇదేంటమ్మా, రాచపుండా?"

"కాదు. పట్టించుకోకపోతే కొందరికి ఏళ్ళమీద అలా మారుతుంది. అందరికీ మారదు."

మొదటి ముడి విప్పింది. "ఆగితే?"

"నీది చిన్న మార్పు. ఇలాంటివి చాలావరకు వాటంతటవే పోతాయి. ఏడాదికి మళ్ళీ రా, చూస్తాను. రాకపోతే మాత్రం అది ఆగడం కాదు, వదిలేయడం."

రెండో ముడి విప్పింది. "తీస్తే ఏం పోతుంది?"

"పెరిగితే, చెడిన మేరకే తీస్తాను. సంచి ఉంటుంది, బిడ్డకు ఆశ ఉంటుంది. కాకపోతే నెలలు నిండకుండా పుట్టే భయం కాస్త ఉంది."

మూడో ముడి విప్పి, ఆగుతానంది. ఇంటికొచ్చి దూలానికి ఎర్రదారం కట్టింది. ఏడాదికి వెళ్ళింది. అలాగే ఉంది. మరో ఏడాదికి వెళ్ళింది. పెరిగింది. అప్పుడు తీయించుకుంది, ఆ కాస్త మేరకే. తర్వాత ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. అత్త గుండె బాదుకుంది. నాంచారమ్మ బాదుకోలేదు. తెలిసే ఒప్పుకున్నానంది. పిల్ల బతికింది.

ఆ పిల్ల నడిచే నాటికి వీరమ్మకు నెత్తురు మొదలైంది. మంచం మీద మోసుకెళ్ళారు. ఇద్దరిలో నీ మార్పే పెద్దది, కబురు పెట్టినప్పుడే రావాల్సిందని డాక్టరమ్మ అంది. ఇక చేసేదేం లేదంటే తిరిగి మోసుకొచ్చారు.

పోయే ముందు వీరమ్మ చెల్లెలి కొంగు పట్టుకుంది.

"నీకు నువ్వు మూడు వేసుకున్నావు. నా కొంగుకు ఒక్కటైనా వేయలేదేమే?"



అప్పటినుంచి ఏ ఇంటికి పోగులు అతకడానికి వెళ్ళినా ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను పలకరించేది. డాక్టరమ్మ కబురు వచ్చినా కదలకుండా కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కొంగు లాగి మూడు ముళ్ళు వేసేది. ఇదేంటి, ఆగితే ఏంటి, తీస్తే ఏంటి. తిట్టినా వేసేది. ముసలిదై, చివరికి ఒక పడుగు ముందు కూర్చున్నచోటే ఒరిగిపోయింది. చేతిలో సగం మెలిపెట్టిన పోగు ఉంది.

నేతపేటలో ఇప్పుడు మగ్గాలు తక్కువ. కానీ ఆడది ఆసుపత్రికి బయలుదేరితే కొంగుకో చున్నీకో మూడు ముళ్ళు పడాల్సిందే. జవాబు దొరికితేనే ముడి విప్పుతారు. ముడితో తిరిగొస్తే, "నాంచారమ్మ చూస్తోంది, మళ్ళీ వెళ్ళిరా" అంటారు.

ఒక్కటే నియమం. ఆ ముళ్ళు ఎవరికి వారు వేసుకోరు. పక్కనున్న ఆడది వేయాలి.