యాడికి అని అడగని సుంకమ్మ

ఆదోనిలో దస్తగిరి సార్ దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సుంకమ్మే వయసులో పెద్దది. ఇరవై తొమ్మిదేళ్లు, ఆసుపత్రిలో నర్సు. పైచదువు పరీక్షల్లో అన్నీ గట్టెక్కింది గానీ ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. ఇక ఒక్క అవకాశమే మిగిలింది.

ఆ వారం సార్ 'ఇఫ్' వాక్యాలు చెప్పాడు. వానొస్తే తడుస్తాను. రెక్కలుంటే ఎగిరేదాన్ని. ఈ రెండు రకాలూ ఆమెకు చప్పున వచ్చేశాయి. మూడోది, 'అలా జరగకపోయి ఉంటే ఇలా అయ్యేది కాదు' అనేది మాత్రం రాలేదు. నాలుగు రోజులుగా నోటు పుస్తకంలో ఆ చోటు ఖాళీగానే ఉంది.

"కష్టమైనవన్నీ రాసినావు. దీనికేమైంది బిడ్డా?"

సుంకమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"అది రాయబోతే ఒకటే గుర్తొస్తాది సార్. నేను అడక్కపోయింటే..."

ఆమెకు ఎనిమిదేళ్లప్పటి మాట. నాయన పత్తి లారీ డ్రైవరు. ఒక పొద్దున ఆయన గడప దాటుతుంటే "యాడికి నాయనా?" అంది. బయల్దేరే మనిషిని అలా అడగకూడదంటారు. ఆ మధ్యాహ్నం ఘాట్‌రోడ్డులో లారీకి బ్రేకులు పడలేదు. శవాన్ని దించుతుంటే మేనత్త అందరి ముందూ అనేసింది, "నువ్వు అడగబట్టే" అని.

అప్పటినుంచి సుంకమ్మ ఎవరినీ ఆ మాట అడగలేదు. మొగుడు చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోకి వెళ్లిపోయేది.

"ఇట్లాంటి నమ్మకాలు ఎట్ల పుట్టినాయి సార్?"

సార్ పుస్తకం మూశాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, చూపు అంతంతమాత్రం. గుమ్మంలో నిలబడి "అడుగు" అన్నాడు.

"వద్దు సార్."

"పాలకు పోవల్ల. నువ్వు అడిగితేగానీ పోను. టీ పడకపోతే నా తల పనిచేయదు, మళ్లీ నీ పాఠమే చెడతాది."

ఆమె కళ్లు మూసుకుంది. "యాడికి... సార్?"

"పాలకు" అని ఆయన హాయిగా వెళ్లిపోయాడు.

అంగడి రెండు సందుల అవతలే. పావుగంటైనా ఆయన రాలేదు. సుంకమ్మ వీధిలోకి పరుగెత్తింది. మలుపు దగ్గర సార్ గోడ పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు. బొటనవేలి గోరు లేచి రక్తం కారుతోంది. పాల ప్యాకెట్టును మాత్రం గుండెకు హత్తుకున్నాడు.

"చూసినారా సార్! నేను అడగబట్టే!"

ఆమె ఏడుస్తూనే ఆయన్ని ఇంట్లోకి నడిపించింది. ఏడుస్తూనే వేలు కడిగింది. ఏడుస్తూనే గట్టిగా బిగించి కట్టు కట్టింది.

"మెల్లగా! ఆసుపత్రిలో కూడా ఇట్లనే బిగిస్తావా?" అని సార్ మూలిగాడు. తర్వాత అన్నాడు, "రాయి తగిలి పడినాను బిడ్డా. కాలువ తవ్వినోళ్లు దారి మధ్యలో వదిలేసిపోయినారు. పొద్దున్నుంచీ అది ఆడనే ఉంది."

సుంకమ్మ ముక్కు తుడుచుకుంది.

"ఆ రాయి గురించి రాయి."

ఆమె పుస్తకం తెరిచింది. రాయి లేకపోయి ఉంటే సార్ పడేవారు కాదు. ఇంగ్లీషులో ఆ వాక్యం ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. చేయి అక్కడితో ఆగలేదు. ఆయన చెప్పకుండానే కింద ఇంకో వాక్యం రాసింది. చాలాసేపు దాన్నే చూసింది. పుస్తకం ఆయన ముందుకు తోసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

సార్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

బ్రేకులు పడి ఉంటే నాయన ఇంటికొచ్చేవాడు.

ఎర్ర పెన్ను తీశాడు. మళ్లీ జేబులోనే పెట్టేశాడు.

"తప్పు లేదు బిడ్డా" అన్నాడు. "యాడా లేదు."